రాగానికి నాలుగు గొంతులు: బృందగాన స్వరకర్త రీనా ఇస్మాయిల్ ప్రస్థానం

పాశ్చాత్య బృందగానంలో నాలుగు వర్గాల గాయకులు ఒకే క్షణంలో నాలుగు వేర్వేరు స్వరాలు పలుకుతారు. భారతీయ శాస్త్రీయ సంగీతంలో ఎంతమంది కలిసి పాడినా వినిపించేది ఒకే స్వరం. ఈ రెండు పద్ధతులు ఒక వేదికపై కలిసినప్పుడు చాలాసార్లు ఒకటి మరొకదానికి అలంకారంగా మిగిలిపోతుంది. పాశ్చాత్య వాద్యబృందం నడుమ సితార్ కొన్ని క్షణాలు మెరిసి ఆగిపోతుంది, లేదా రాగాలాపన వెనుక వయొలిన్లు మెత్తని నేపథ్యంగా వినిపిస్తాయి. రెండు సంప్రదాయాలకూ సమానమైన పని, సమానమైన గౌరవం దక్కే రచన సాధ్యమా అన్న ప్రశ్న చుట్టూ తన వృత్తి జీవితాన్ని నిర్మించుకున్న స్వరకర్త రీనా ఇస్మాయిల్.

1983లో అమెరికాలో జన్మించిన ఈ భారత సంతతి స్వరకర్త లాస్ ఏంజెలెస్ నగరంలో పెరిగారు, అక్కడే నివసిస్తున్నారు. ఆ నగరపు ప్రఖ్యాత బృందగాన సంస్థ లాస్ ఏంజెలెస్ మాస్టర్ కొరాల్‌కు 2020 నుంచి 2025 వరకు ఆస్థాన కళాకారిణిగా వ్యవహరించారు. 2020-21లో సియాటిల్ సింఫనీకి ఆస్థాన స్వరకర్తగా ఉన్నారు. భారతీయ, పాశ్చాత్య సంగీతాల మధ్య వారధిగా పనిచేసే 'శాస్త్ర' అనే లాభాపేక్ష లేని సంస్థకు కళాదర్శకత్వం వహిస్తున్నారు. ఆమె రచనల్ని వృత్తి గాయకులతో పాటు పాఠశాల, కళాశాల విద్యార్థులు, నిలువనీడ లేని స్థితిని అనుభవించినవారు కూడా పాడారు. ఇంత భిన్నమైన గాయకులకు రాగసంగీతాన్ని ఎలా అందించాలన్నది ఆమెకు స్వరరచనలో ఎదురైన సమస్య. బోధనలోనూ ఎదురైనది అదే.

కలిసి పాడటం, వేరుగా పాడటం

కలిసి పాడటం భారతీయులకు కొత్త కాదు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరీ తీరాన వందలాది విద్వాంసులు ఒకచోట కూర్చుని త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్న కీర్తనలను ఆలపిస్తారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని ఆ ఐదు కీర్తనల్లో మొదటిది సంస్కృతంలో, మిగిలిన నాలుగూ తెలుగులో ఉన్నాయి. భజన సంప్రదాయం, అన్నమాచార్య సంకీర్తనల గోష్ఠిగానం, పల్లెల్లోని కోలాటం పాటలు కూడా సామూహిక గానాలే. అయితే వీటన్నిటిలోనూ అందరూ ఒకే వరుసను అనుసరిస్తారు. పురుషుల గొంతు ఒక స్థాయిలో, స్త్రీల గొంతు పై స్థాయిలో పలికినా స్వరం ఒకటే.

పాశ్చాత్య బృందగానపు నిర్మాణం దీనికి భిన్నమైనది. గాయకులను సాధారణంగా నాలుగు వర్గాలుగా విభజిస్తారు. స్త్రీల గొంతుల్లో హెచ్చు స్థాయివి సోప్రానో, తగ్గు స్థాయివి ఆల్టో. పురుషుల గొంతుల్లో హెచ్చు స్థాయివి టెనార్, తగ్గు స్థాయివి బాస్. ఒక్కొక్క వర్గానికి ప్రత్యేకమైన వరుస ఉంటుంది. ఆ వరుసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు వినిపించడం వల్ల పుట్టే అనుభూతినే స్వరమేళనం, అంటే హార్మొనీ అంటారు.

శ్రోత చెవి కూడా ఈ రెండు పద్ధతుల్లో రెండు రకాలుగా తయారవుతుంది. రాగం వినే శ్రోత ప్రతి స్వరాన్నీ తంబురాలో నిరంతరంగా మోగే షడ్జంతో పోల్చుకుంటాడు. కచేరీ మొదటి నుంచి చివరి వరకు ఆ షడ్జం కదలదు. బృందగానం వినే శ్రోత ఒకేసారి పలికే స్వరాల మధ్య సంబంధాన్ని గమనిస్తాడు. ఒక స్వరసముదాయం నుంచి మరొకదానికి సాగే ప్రయాణం అతనికి ముఖ్యం. ఆ ప్రయాణంలో ఆధార స్వరం కూడా చోటు మారవచ్చు. ఒక సంప్రదాయానికి స్థిరత్వం ప్రాణమైతే, మరొకదానికి ఆ కదలికే ప్రాణం. వాద్యాలను కలిపినంత మాత్రాన ఈ భేదం తొలగిపోదు.

రెండు గురుకులాల్లో శిక్షణ

రీనా ఇస్మాయిల్ విద్యాభ్యాసం మొదట పూర్తిగా పాశ్చాత్య పద్ధతిలో సాగింది. న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూల్‌లో స్వరరచన అభ్యసించి 2005లో పట్టం పొందారు. అనంతరం యేల్ విశ్వవిద్యాలయ సంగీత కళాశాలలో 2011లో స్నాతకోత్తర పట్టాన్ని, 2018లో డాక్టరేటును అందుకున్నారు. క్రిస్టఫర్ రౌస్, శామ్యూల్ ఆడ్లర్, ఆరన్ జే కర్నిస్ వంటి ప్రసిద్ధ అమెరికన్ స్వరకర్తలు ఆమెకు గురువులు.

2011-12లో ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉపకార వేతనంపై ఆమె భారతదేశానికి వచ్చి హిందుస్తానీ సంగీతాన్ని అధ్యయనం చేశారు. ఆ సంగీతంలో ఆమె గురువుల్లో సితార్ విద్వాంసులు గౌరవ్ మజుందార్, గాయని లక్ష్మీశంకర్ ఉన్నారు. లక్ష్మీశంకర్ జీవితం కూడా ఒక సంప్రదాయం నుంచి మరొకదానికి సాగిన ప్రయాణమే. దక్షిణాది కుటుంబంలో 1926లో జన్మించిన ఆమె మొదట భరతనాట్యం అభ్యసించి ఉదయశంకర్ నృత్యబృందంలో చేరారు. అనారోగ్యం కారణంగా నృత్యాన్ని విడిచిపెట్టి, ఉస్తాద్ అబ్దుల్ రెహమాన్ ఖాన్ వద్ద హిందుస్తానీ గాత్రం నేర్చుకుని అగ్రశ్రేణి గాయనిగా ఎదిగారు. పండిత రవిశంకర్ సోదరుని భార్య అయిన ఆమె తన చివరి సంవత్సరాలు కాలిఫోర్నియాలో గడిపి 2013లో కన్నుమూశారు. పెద్దయ్యాక మరొక సంగీత భాషను మొదటి నుంచి నేర్చుకోవడం ఎలా ఉంటుందో స్వయంగా ఎరిగిన గురువు ఆమె.

ఈ రెండు శిక్షణల మధ్య తాను చూసిన అంతరాన్నే రీనా ఇస్మాయిల్ తన డాక్టరేట్ పరిశోధనాంశంగా తీసుకున్నారు. హిందుస్తానీ సంగీతజ్ఞులు, పాశ్చాత్య స్వరకర్తలు కలిసి పనిచేసేటప్పుడు ఎదురయ్యే చిక్కులు, వాటిని దాటే మార్గాలు ఆ సిద్ధాంత గ్రంథంలోని విషయం. ఆ చిక్కుల్లో మొదటిది కాగితం. పాశ్చాత్య వాద్యబృందంలో ప్రతి ఒక్కరి ముందూ రాసిన స్వరలిపి ఉంటుంది. కొద్దిపాటి సాధనలతోనే కచేరీకి సిద్ధం కావాలి కనుక అందరూ ఆ లిపినే నమ్ముతారు. హిందుస్తానీ గాయకులు గురుముఖతః నేర్చుకుని, జ్ఞాపకంలో నిలుపుకుని, వేదికపై అప్పటికప్పుడు రాగాన్ని విస్తరిస్తారు. గాయకుని చేతికి పాశ్చాత్య లిపిని ఇస్తే అది అక్కరకు రాదు. గాయకునికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు అందుకోవాలో వాద్యబృందానికి తెలియదు. ఇద్దరూ నిపుణులే అయినా ఒకరి నైపుణ్యం మరొకరికి కనిపించదు. పరస్పర అపనమ్మకం ఇక్కడే మొదలవుతుంది.

ఈ అంతరాన్ని దాటే ప్రయత్నంగా ఆమె చేసిన రచనల్లో 2018 నాటి 'మేరీ సఖీ కీ ఆవాజ్' ముఖ్యమైనది. హిందుస్తానీ గాయని, పాశ్చాత్య సోప్రానో, వాద్యబృందం కలిసి పాల్గొనే ఈ రచన తొలి భాగానికి ఫ్రెంచ్ స్వరకర్త లియో డెలీబ్ 1883 నాటి ఒపేరా 'లాక్మే'లోని ప్రసిద్ధ యుగళగీతం ఆధారం. ఇద్దరు భారతీయ స్త్రీల పాత్రల కోసం పారిస్‌లో రాసిన ఆ గీతంలో భారతీయ సంగీతం నిజానికి లేదు. ఇస్మాయిల్ రచనలో ఆ స్థానంలోకి నిజమైన హిందుస్తానీ గాయని వచ్చింది. ఆమెతో కలిసి తరచుగా పనిచేసే గాయని సాయిలీ ఓక్, హిందుస్తానీ సంగీతంలో ఆమెకు గురుస్థానంలోనూ ఉన్నారు.

స్వరాలను పేర్చితే రాగం ఏమవుతుంది?

రాగాన్ని నాలుగు గొంతులకు పంచడంలో ఉన్న ఇబ్బందిని తెలుగు శ్రోతలకు పరిచితమైన హిందోళంతో సులభంగా గ్రహించవచ్చు. హిందుస్తానీలో దీనికి సమానమైనది మాల్కౌన్స్. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం అనే ఐదు స్వరాలే ఇందులో ఉన్నాయి. రిషభం, పంచమం లేవు.

ఇప్పుడు బాస్ వర్గం ధైవతాన్ని దీర్ఘంగా పట్టి నిలిపిందనుకుందాం. కింది స్థాయిలో గంభీరంగా మోగే స్వరాన్ని చెవి సహజంగా ఆధారంగా తీసుకుంటుంది. ధైవతమే షడ్జమని శ్రోత భావించిన మరుక్షణం, అవే ఐదు స్వరాలు హిందోళంగా కాక మోహనంగా వినిపిస్తాయి. కర్ణాటక విద్వాంసులు దీనిని గ్రహభేదం అంటారు. కచేరీలో కొన్ని క్షణాల చమత్కారంగా చేసే ఈ ప్రక్రియ, బృందగానంలో అజాగ్రత్త వల్ల తెలియకుండానే జరిగిపోవచ్చు. ఒక్క అన్యస్వరం కూడా పలకకుండానే రాగం మారిపోతుంది. కనుక రాగానికి స్వరమేళనం కూర్చేవారు స్వరాల జాబితాను పాటిస్తే చాలదు. షడ్జం ఎక్కడుందో ప్రతి క్షణం శ్రోతకు తెలిసేలా కింది గొంతులను నడపాలి.

అన్ని రాగాలూ ఒకే విధంగా ఇబ్బంది పెట్టవు. హంసధ్వనిలోని స-గ-ప స్వరాలు కలిపి పలికితే పాశ్చాత్య సంగీతంలో అత్యంత మౌలికమైన స్వరసముదాయం ఏర్పడుతుంది. ప-ని-రి కలిపితే దానికి జంటగా వచ్చే రెండవ సముదాయం లభిస్తుంది. పియానో నేర్చుకునే పిల్లలు మొదట అభ్యసించే సముదాయాల్లో ఈ రెండూ ఉంటాయి. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు సృష్టించారని సంప్రదాయం చెప్పే ఈ రాగం దక్షిణాది నుంచి హిందుస్తానీకి వెళ్లి స్థిరపడింది. పాశ్చాత్య బృందాలకు కూడా త్వరగా దగ్గరయ్యే గుణం దాని స్వరాల్లోనే ఉంది.

రీనా ఇస్మాయిల్ 2021లో రచించిన 'ఎ వింటర్ బ్రీవియరీ' ఈ దృష్టితో పరిశీలించదగిన కృతి. రెబెకా గేల్ హోవెల్ అనే కవయిత్రి రాసిన మూడు గీతాలకు ఆమె స్వరాలు కూర్చారు. ఏడాదిలో అతి దీర్ఘమైన శీతకాలపు రాత్రి ఈ గీతాల ఇతివృత్తం. క్రైస్తవ మఠాల్లో దినచర్యను నిర్ణీత ప్రార్థనా వేళలుగా విభజించే ఆచారం ఉంది. హిందుస్తానీ సంగీతంలో ప్రతి రాగానికీ పాడవలసిన వేళ ఉంది. సాయంకాల ప్రార్థనకు హంసధ్వని, నడిరాత్రికి మాల్కౌన్స్, వేకువకు అహిర్ భైరవ్ చొప్పున ఈ రెండు కాలవిభజనలను ఆమె జతపరిచారు. అహిర్ భైరవ్ కర్ణాటక సంగీతంలోని చక్రవాకానికి సన్నిహితమైనది.

పొద్దున భూపాళం, రాత్రి నీలాంబరి అన్న భావన తెలుగు శ్రోతలకు పరిచితమే కనుక ఈ కృతి నిర్మాణం వారికి కొత్తగా అనిపించదు. రెండు సంస్కృతులూ కాలాన్ని సంగీతంతో కొలుచుకున్నాయన్న గమనింపే ఇక్కడ కలయికకు పునాది. పైకి కనిపించే వాద్యాల మేళవింపు కన్నా ఇది లోతైన సంబంధం. శీతకాలపు కచేరీలో పాశ్చాత్య బృందం తన అలవాటైన ఆచారాన్ని వదులుకోనక్కరలేదు. రాగం కూడా తన వేళను వదులుకోనక్కరలేదు.

తరికిట: నోటితో నేర్చుకునే పాఠం

లాస్ ఏంజెలెస్ నగర కేంద్రంలోని స్కిడ్ రో అనే ప్రాంతంలో వేలాదిమంది నిరాశ్రయులు వీధుల్లోనూ ఆశ్రయ కేంద్రాల్లోనూ జీవిస్తుంటారు. భారత సంతతి వయొలిన్ విద్వాంసుడు విజయ్ గుప్తా 2011లో స్థాపించిన స్ట్రీట్ సింఫనీ అనే సంస్థ ఈ ప్రాంతంలో కచేరీలు నిర్వహిస్తూ వచ్చింది. రీనా ఇస్మాయిల్ 2016 నుంచి 2018 వరకు ఆ సంస్థకు ఆస్థాన స్వరకర్త. అక్కడి అర్బన్ వాయిసెస్ ప్రాజెక్ట్ అనే బృందంలో నిరాశ్రయ స్థితిని అనుభవించినవారు, అనుభవిస్తున్నవారు గాయకులు. ఏడాదికి పైగా వారితో కలిసి పనిచేశాక, వారి కోసం 2016లో ఆమె రాసిన రచనే 'తరేకిట'.

ఈ రచనలో అర్థవంతమైన పదాలు లేవు. తబలాపై వేళ్ల దెబ్బలకు ప్రతిరూపంగా నోటితో పలికే జతులే దీని సాహిత్యం. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు అని చిన్ననాటే వినే తెలుగు శ్రోతలకు ఇది ఇంటి సొత్తు. మృదంగ శిక్షణలో విద్యార్థి వాద్యాన్ని ముట్టకముందే ఈ సొల్లులను నోటితో చెప్పడం నేర్చుకుంటాడు. లెక్క నోటికి వచ్చాక చేతికి వస్తుందన్నది అక్కడి సూత్రం. పాశ్చాత్య స్వరలిపి చదవడం రానివారు కూడా ఇలాంటి అక్షరాలను విని పట్టుకోగలరు. అర్థం తెలియని భాషను పలుకుతున్నామన్న బెరుకు కూడా ఉండదు. ఆ భాష ఎవరికీ మాతృభాష కాదు కనుక అందరూ ఒకే మెట్టు నుంచి మొదలుపెడతారు.

సమాజం అంచున నిలిచిన వారి కోసం పుట్టిన ఈ చిన్న రచన నేడు అమెరికాలోని పాఠశాల, కళాశాల బృందాలు విరివిగా పాడే కృతుల్లో ఒకటి. శాస్త్రీయ సంగీతంలో కొత్త రచనలు సాధారణంగా పెద్ద వేదికలపై మొదలై, క్రమంగా పాఠశాలలకు చేరుతాయి. ఈ రచన ఎదురు దిశలో సాగింది.

ఆమె మరొక రచన 'టుత్తరానా' పేరులోనే ఈ బోధనా పద్ధతి ఇమిడి ఉంది. 'టుట్టి' అనే ఇటాలియన్ మాటకు 'అందరూ' అని అర్థం. వాద్యబృందమంతా కలిసి వాయించవలసిన చోట స్వరలిపిలో ఈ మాట రాస్తారు. 'తరానా' హిందుస్తానీలో లయాక్షరాలతో వేగంగా సాగే గానరూపం. కర్ణాటక సంగీతంలోని తిల్లానా దీనికి తోబుట్టువు. ఒంటరి గాయకుని ప్రతిభకు గీటురాయి అయిన రూపాన్ని అందరూ పాడదగిన రూపంగా మలచడం ఈ రచన ఉద్దేశం.

ఏడు మతాల వాక్కు

రీనా ఇస్మాయిల్ పెద్ద రచనల్లో విశేష గుర్తింపు పొందినది 2016లో రాసిన 'దిస్ లవ్ బిట్వీన్ అస్'. బౌద్ధం, సిక్కు మతం, క్రైస్తవం, జొరాస్ట్రియన్ మతం, హిందూ మతం, జైనం, ఇస్లాం అనే ఏడు మత సంప్రదాయాల గ్రంథాల నుంచి మానవుల ఐక్యతను, పరస్పర దయను బోధించే వాక్యాలను ఆమె ఎంచుకున్నారు. ఏడు భాగాల ఈ రచనలో ఆ వాక్యాలు మూల భాషల్లోనూ ఆంగ్లానువాదంలోనూ వినిపిస్తాయి. బృందగానానికి తోడుగా బరోక్ వాద్యబృందం, సితార్, తబలా ఉంటాయి.

యేల్ స్కోలా కాంటోరమ్ అనే గాయక బృందం, జూలియార్డ్‌కు చెందిన జూలియార్డ్415 అనే వాద్యబృందం కోసం ఈ రచన రూపుదిద్దుకుంది. ఆ పేరులోని 415 ఒక శ్రుతిని సూచించే సంఖ్య. నేటి వాద్యబృందాలు తమ ఆధార స్వరాన్ని సాధారణంగా సెకనుకు 440 కంపనాల వద్ద సరిచేసుకుంటే, బరోక్ సంగీతాన్ని ప్రాచీన పద్ధతిలో వాయించేవారు 415 వద్ద సరిచేసుకుంటారు. శ్రుతి ఎంత అన్నది కాలాన్ని, ప్రాంతాన్ని బట్టి మారుతుందనడానికి పాశ్చాత్య సంగీతంలోనే ఉన్న నిదర్శనమిది. తన గొంతుకు తగిన శ్రుతిని తానే ఎంచుకునే భారతీయ గాయకునికి ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు. 2017లో ఈ బృందాలు తమ పర్యటనలో భాగంగా భారతదేశంలోనూ ఈ రచనను వినిపించాయి.

ఈ కృతిలో ఒక్కొక్క భాగం రెండు సంగీతాలను ఒక్కొక్క పాళ్లలో కలుపుతుంది. కొన్ని భాగాలు బరోక్ శైలికి దగ్గరగా ఉంటే, కొన్ని హిందుస్తానీ శైలిలో వేళ్లూని ఉంటాయి. అన్ని మతాలూ ఒక్కటేనన్న సులభమైన సందేశానికి ఒకే రకమైన సంగీతం సరిపోయేది. భేదాలను నిలుపుకుంటూనే ఒక కృతిలో ఇమడటం సాధ్యమని చూపేందుకు ఈ నిర్మాణం తోడ్పడుతుంది.

నిశ్శబ్దపు ఏడాది, నీటి కోసం గానం

ఆమె లాస్ ఏంజెలెస్ మాస్టర్ కొరాల్‌లో బాధ్యతలు స్వీకరించిన 2020వ సంవత్సరం బృందగానానికి గడ్డుకాలం. ఆ ఏడాది మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది పాల్గొన్న ఒక బృంద సాధన తర్వాత 50 మందికి పైగా కోవిడ్ బారిన పడ్డారు, ఇద్దరు మరణించారు. కలిసి ఊపిరి తీసుకోవడమే పునాదిగా గల కళకు ఊపిరే ప్రమాదకరమైంది. ప్రపంచమంతటా గాయక బృందాలు మౌనం వహించాయి.

1964లో రోజర్ వాగ్నర్ స్థాపించిన మాస్టర్ కొరాల్ నేడు వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్ వేదికగా కచేరీలు చేస్తోంది. ఆ సంస్థ కోసం ఇస్మాయిల్ రాసిన పెద్ద రచన 'మల్హార్: ఎ రెక్వియమ్ ఫర్ వాటర్'. రెక్వియమ్ అంటే మరణించినవారి ఆత్మశాంతి కోసం లాటిన్‌లో జరిపే క్రైస్తవ ప్రార్థన. మల్హార్ వానను పిలిచే రాగకుటుంబం. ఎట్టయపురంలో ముత్తుస్వామి దీక్షితులు అమృతవర్షిణి పాడగా వర్షం కురిసిందన్న ఐతిహ్యం తెలిసినవారికి ఈ భావన సుపరిచితం. కరవు పదేపదే పీడించే కాలిఫోర్నియాలో, నీటినే మరణించిన ఆప్తునిగా భావించి శోకించడం ఒకవైపు, దాని రాకకై రాగంతో వేడుకోవడం మరొకవైపు ఈ రచనలో కలుస్తాయి. ఇక్కడ కూడా కలయికకు ఆధారం వాద్యాలు కావు. ఒక సంప్రదాయంలో శోకానికి రూపం ఉంది. మరొక సంప్రదాయంలో వానకు రాగం ఉంది. రచయిత్రికి రెండూ అవసరమయ్యాయి.

భారతదేశంలో బృందగాన బాట

భారతీయ గీతాలకు స్వరమేళనం కూర్చే ప్రయత్నం ఈ దేశంలో అనేక దశాబ్దాల క్రితమే మొదలైంది. 1943లో ఏర్పడిన భారత ప్రజానాట్య సంఘం, తెలుగునాట ప్రజానాట్యమండలి సామూహిక గానాన్ని ఉద్యమ సాధనంగా మలిచాయి. ఆ వాతావరణంలో ఎదిగిన సలీల్ చౌధురి బొంబాయి యూత్ కోయిర్‌ను తీర్చిదిద్దారు. 1958లో రూమా గుహ ఠాకుర్తా కలకత్తా యూత్ కోయిర్‌ను స్థాపించారు. చిత్తూరులో 1925లో జన్మించి, మలయాళ చలనచిత్ర సంగీతంలో విశిష్ట స్థానం సంపాదించిన ఎం.బి.శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయిర్‌ను నెలకొల్పి, అనేక భారతీయ భాషల గీతాలను యువతచేత పాడించారు. ఈశాన్యంలో నీల్ నాంగ్‌కిన్రీ 2001లో స్థాపించిన షిల్లాంగ్ ఛాంబర్ కోయిర్ 2010లో టెలివిజన్ పోటీలో విజేతగా నిలిచి దేశమంతటా ఇంటింటికీ చేరింది.

ఈ మార్గదర్శకులు ప్రధానంగా జానపద, దేశభక్తి, ప్రజాగీతాలను, చలనచిత్ర గీతాలను తీసుకున్నారు. అటువంటి పాటల్లో స్వరం నిలకడగా ఉంటుంది, గమకం తక్కువ. స్వరమేళనానికి అవి లొంగుతాయి. ఇస్మాయిల్ ఎంచుకున్నది శాస్త్రీయ రాగం. అక్కడ స్వరం ఒక బిందువు కాదు, ఒక స్వరం నుంచి మరొకదానికి సాగే దారి కూడా స్వరంలో భాగమే. యాభైమంది గాయకులు ఒకే జారును ఒకే వేగంతో పలకడం కష్టసాధ్యం. ఏ గమకాన్ని లిపిలో రాయాలి, దేనిని ఏకగాయకునికి వదలాలి, దేనిని పూర్తిగా విడిచిపెట్టాలి అన్న నిర్ణయాలు స్వరకర్తకు అడుగడుగునా తప్పవు.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. హిందుస్తానీ గాయకుడు గంటసేపు నెమ్మదిగా విప్పే రాగాన్ని ఐదారు నిమిషాల బృందగీతం పూర్తిగా చూపలేదు. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు పుట్టే కల్పనకు, నాలుగు వర్గాలు లిపిని అనుసరించే చోట అవకాశం స్వల్పం. రాగం ఆకృతి తెలిసినంత మాత్రాన రాగం తెలిసినట్లు కాదన్న శాస్త్రీయ విద్వాంసుల హెచ్చరిక ఇక్కడ సమంజసమే. బృందంతో పాటు ఏకగాయకునికో, సితార్, తబలా వంటి వాద్యాలకో చోటు కల్పించడం ఈ లోటును కొంతవరకు పూరించే మార్గం. పాశ్చాత్య గాయకులు తమకు సాధ్యమైనది పాడుతూ, తమకు సాధ్యం కానిదాన్ని పక్కనే నిలిచిన నిపుణుల నోట వింటారు. బోధన దృష్ట్యా ఆ వినడం కూడా పాఠమే.

ప్రవాస తెలుగు ఇళ్లకు దీని అవసరం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వారాంతాల్లో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పించడం సాధారణం. ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనోత్సవాలు ఈ సాధనకు పెద్ద వేదిక. ఈ పిల్లల్లో అనేకులు బడిలో గాయక బృందంలోనూ పాడతారు. ఇంట్లో షడ్జం కదలని సంగీతం, బడిలో ఆధార స్వరం కదిలే సంగీతం. ఇంట్లో చెవితో నేర్చుకునే పాఠం, బడిలో కాగితం చూసి నేర్చుకునే పాఠం. ఇద్దరు గురువులూ ఒకరి పద్ధతి మరొకరికి తెలియకుండానే ఒకే గొంతుకు శిక్షణ ఇస్తుంటారు. వయసు పెరిగి చదువు ఒత్తిడి పెరిగినప్పుడు, ఆ రెంటిలో ఒకటి వదులుకోవలసి రావడం అరుదు కాదు.

తరేకిట వంటి రచన బడిలో పాఠంగా వచ్చినప్పుడు, ఇంటి పాఠం తెలిసిన విద్యార్థికి జతుల ఉచ్చారణలోనూ తాళపు లెక్కలోనూ తోటివారికి దారి చూపే అవకాశం కలుగుతుంది. రెండు విద్యలు ఒకదానికొకటి అడ్డు కావని ఆ విద్యార్థికి అనుభవంలో తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోని సంగీతోపాధ్యాయులకు సైతం ఈ పద్ధతి ఉపకరిస్తుంది. ముందు అందరూ ఒకే వరుసను చెవితో నేర్చుకుని, షడ్జాన్ని మనసులో స్థిరపరచుకున్నాక, హంసధ్వని వంటి రాగంలో రెండు గొంతుల మేళనంతో మొదలుపెట్టడం పాఠశాల స్థాయిలో సాధ్యమే. దీనికి కావలసిన పరికరం ఒక్క శ్రుతిపెట్టె.

రీనా ఇస్మాయిల్ రచనలను మొదటిసారి వినేవారు 'ఎ వింటర్ బ్రీవియరీ'లోని తొలి గీతంతో ఆరంభించవచ్చు. ముందుగా హంసధ్వని ఆరోహణ, అవరోహణలను ఒకసారి పాడుకుని, షడ్జం ఎక్కడుందో చెవితో గుర్తించి, ఆ తరువాత నాలుగు గొంతుల్లో దేనినైనా ఒకదానిని పట్టుకుని చివరిదాకా అనుసరించాలి. రెండవసారి వింటున్నప్పుడు మరొక గొంతును ఎంచుకోవాలి. నాలుగుసార్లు విన్నాక, అవన్నీ ఒకే రాగాన్ని పాడుతున్నాయో లేదో శ్రోతే నిర్ణయించుకోగలరు.